ఏది నొక్కినా పట్నమే

నారాయణఖేడ్ బస్సు డిపో ఎదుట సెల్‌ఫోన్లు బాగుచేసే ఇమ్మానుయేల్, గిరాకీ లేనప్పుడల్లా గోళ్లు కొరుకుతూ కంప్యూటర్లో ఒక కథల ఆట అల్లుతుంటాడు. అందుకు ఎవరైనా ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. చదివేవాళ్లు తెర మీద నొక్కిన మాటను బట్టి కథ దారి మారుతుంది. అతని కథ, పట్నానికి కూలికి పోయి, కడుతున్న భవనం మీది నుంచి పడి చనిపోయిన తండ్రి ఎల్లప్పది. ఆదివారం చర్చి నుంచి వస్తూ తల్లి లీలమ్మ దుకాణంలో కూర్చుంది. కొంగుకు వేలు తుడుచుకుని 'పోవద్దు' అన్న మాట నొక్కింది. కథలో ఎల్లప్ప పట్నం బస్సెక్కాడు. ఇంకో మాట నొక్కింది. మళ్లీ ఎక్కాడు.

"ఏది నొక్కినా పోతుండేందిరా మీ నాయిన?"

"పోకుంటే నా కాలేజీ ఫీజు ఎట్ల కడుతుండెనే?"

లీలమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. "కొడుకు సదువు బంద్ చేసిండని ఒక దారి పెట్టు."

ఇమ్మానుయేల్ పెట్టాడు. ఆ దారిలో ఎల్లప్ప బతికాడు.