గోడవైపు తిప్పిన స్పీకరు

కరోనాకు ముందటి ఎండాకాలంలో, నేను మదనపల్లెలో సీనియర్ సౌండ్ ఇంజినీరుగా ఉండగా, పుంగనూరు దగ్గరి ఒక పాత రాతి నాటక మండపం పనిమీద నన్ను పంపారు. వెయ్యేళ్ల ఆ మండపం గొంతును, పగిలిన పైబండ కింద నిలబడి, ఒంటిచేత్తో కంప్యూటర్లోకి ఎక్కించినవాణ్ణి నేనే. ఈ మాట చాలా పెళ్లిళ్లలో, రెండు సన్మానాల్లో చెప్పాను. వెయ్యేళ్లన్నది మాత్రం చెప్పగా చెప్పగా పెరిగింది. ఆ ఊరివాళ్లు నాలుగు వందలే అంటారు.

పని ఇది. ప్రతి కట్టడమూ తనలో పుట్టిన శబ్దానికి తనదైన జవాబిస్తుంది. రాయి కొంత తిప్పికొడుతుంది, కొంత మింగుతుంది. ఆ జవాబును రికార్డు చేసుకుంటే, తర్వాత వేరే చోట పాడిన గొంతుకు కంప్యూటర్‌తో దాన్ని తొడగవచ్చు. ముందు ఒక బెలూన్ పగలగొట్టి తీరు చూస్తాం. ఆపైన స్పీకర్లోంచి బొంగురు నుంచి కీచు దాకా సాగే ఒకే ఊళ వేయించి, అక్కడక్కడా పెట్టిన మైకులతో పట్టుకుంటాం. దాన్ని స్వీప్ అంటాం.

తొందర ఎందుకంటే, వానలకు నెర్రెలిచ్చిన పైబండలను ఆ మధ్యాహ్నమే దించాలని పైవాళ్లు తీర్మానించారు. క్రేను వచ్చి నిలబడింది. బండలు దిగితే ఆ జవాబూ పోతుంది. మళ్లీ పేర్చినా అదే రాదు. అందరికన్నా కంగారుపడ్డది మునెప్ప. కుప్పం వైపు వీధినాటక మేళానికి పెద్ద. ఏటా ఆ మండపంలో దుర్యోధనుడి వేషం కట్టేవాడు. మైకులో తన గొంతు రేకుడబ్బాలో గులకరాయిలా ఉంటుందని, మండపం పోతే వేషం మానేస్తానని అన్నాడు. అతను మానితే మేళమే చెదిరిపోతుంది. మదనపల్లెలో ఒక కల్యాణమండపం నిండా స్పీకర్లు పెట్టి, అదే ధ్వని అమర్చి ఇస్తామని మేము మాట ఇచ్చి ఉన్నాం.

క్రేను ఇంజను ఆపించాం. బెలూన్ పేలితే పైబండ కూలుతుందేమోనని నా భయం. పేలింది. కూలలేదు. ఆ తర్వాత స్పీకర్ను వేదిక నడుమ, జనం కూర్చునే వైపుకు పెట్టి స్వీప్ తీశాం. ఏ నాటకశాలలోనైనా పద్ధతి అదే. నా అసిస్టెంట్ ఇంజినీరు రెడ్డెమ్మ లాప్‌టాప్‌లో లెక్క కట్టి, మునెప్ప చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, ఆ జవాబు తొడిగిన తన గొంతే అందులో వినబడేలా చేసి పాడమంది. నాలుగు ముక్కలు పాడి తీసేశాడు.

"ఇది మా మంటపం కాదమ్మా."

"యాల కాదు మునెప్పా? నీ కండ్ల ముందర ఈడనే కదా తీసింది?"

"ఏమో తల్లీ. ముందు మంటపం గర్జించల్ల, దుర్యోధనుడు యాడుండాడో తెలీకూడదు. దీంట్లో పాలపాకెట్లోడు వాకిట్లో పిలిచినట్టుండాది."

క్రేను డ్రైవరు నవ్వాడు. "మీ ఊళలు అయిపోయినాయా సార్? ఇంగో నాలుగు బెలూన్లు తెస్తే బర్త్‌డే చేసేద్దాం."

మైకులు జరిపి మళ్లీ తీశాం. మళ్లీ కాదన్నాడు. ఎందుకు కాదో అతనికీ తెలియదు, మాకూ తెలియదు. ఎండ నడినెత్తికి వచ్చింది. డ్రైవరు ఎక్కి సీట్లో కూర్చున్నాడు.

చివరికి రెడ్డెమ్మ, "హెడ్‌ఫోన్లు వద్దు. ఆటలో ఎట్ల వస్తావో అట్లే రాప్పా, సూస్తాం" అంది. మేళంవాళ్లు ఇద్దరు తెర పట్టుకున్నారు. మునెప్ప తెర వెనక్కి పోయి, అలవాటుకొద్దీ మాకు వీపు పెట్టి, వెనుక రాతిగోడకు ఎదురుగా నిలబడి పాట ఎత్తుకున్నాడు. ఆ మేళంలో వేషం జనానికి మొహం చూపేది తెర దించాకే. అప్పటిదాకా పాట గోడకే. గొంతు గోడను కొట్టి, పైబండల కిందుగా పాకి, నాలుగు దిక్కుల నుంచీ దిగింది. ఇన్నేళ్లుగా అలాగే నిలబడుతున్నా, ధ్వని కిటుకు అందులో ఉందని అతనికీ ఎన్నడూ తట్టలేదు.

నేను వెంటనే స్పీకర్ను గోడవైపు తిప్పాను.

సరే, తిప్పింది రెడ్డెమ్మ. నేనప్పుడు ఇంకాసేపు ఆగవయ్యా అని డ్రైవర్ని బతిమాలుతున్నాను. లాప్‌టాప్ పనీ ఆమెదే. కాబట్టి ఒంటిచేత్తో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బెలూన్ మాత్రం, ఆ పగిలిన బండ కింద నిలబడి, నేనే పగలగొట్టాను.

కొత్త స్వీప్‌తో పాడి చూసుకున్న మునెప్ప హెడ్‌ఫోన్లు తీసి రెడ్డెమ్మ చేతికిచ్చాడు. "ఇంగ క్రేను తోలుకోమనండప్పా" అన్నాడు. సాయంత్రానికి బండలు నేల మీద ఉన్నాయి. ఆ ఏడు మదనపల్లె కల్యాణమండపంలో తెర వెనక దుర్యోధనుడు గర్జిస్తే ముందు వరుసవాళ్లు తలలు తిప్పి వెతికారు. ఆ వేషం ఇప్పటికీ మునెప్పదే.

నేర్చుకున్నది ఇంతే: కట్టడాన్ని కొలిచే ముందు అందులో మనిషి ఎటు తిరిగి నిలబడతాడో చూడాలి. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా, స్పీకరు దించకముందే ఒకసారి ఆట చూపించమని అడిగేవాళ్లం.

ఇది అచ్చుకు ఇచ్చేముందు రెడ్డెమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఆమె ఇప్పుడు నా పాత కుర్చీలో ఉంది. చివరిదాకా ఓపిగ్గా విని అంది:

"బెలూన్ పగలగొట్టింది కూడా నేనే సార్. మీరు రెండు చెవులూ మూసుకోని క్రేను చాటున ఉండారు. మంటపంలోకి మీరు అడుగుపెట్టింది బండలు దించినాకనే."