మామయ్య ఆంప్లిఫయర్‌కు నేను చుట్టిన రాగితీగ

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసైన ఆ రోజుల్లో నాకు కరెంటంటే ఇసుమంతైనా భయం ఉండేది కాదు (చదివింది సగం, ధైర్యం రెండింతలు). మా బ్యాచిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఊళ్ళో ఎవరి మిక్సీ ఆగినా స్క్రూడ్రైవరు పట్టుకుని ముందు నేనే వెళ్ళేదాన్ని. సారపాకలో ఒక మిల్లులో అప్రెంటిస్‌గా చేరాలని ఆశ. ఆ మిల్లు ఫోర్‌మన్ మా మామయ్యకు పాత స్నేహితుడు. "ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తున్నడు. నువ్వు గూడ రా కోడలు పిల్లా, నీ గురించి చెప్త" అని మామయ్య ఫోన్ చేస్తే, వేంసూరులో పొద్దున్నే బస్సెక్కి టేకులపల్లి చేరాను.

మామయ్య అడవి శాఖలో బీట్ ఆఫీసరు. పెళ్ళైన ఏడాదికి కొనుక్కున్న ఆంప్లిఫయరంటే ఆయనకు ప్రాణం. చెక్క పెట్టె, ముందు వెండి రంగు గుండీలు, చెరో పక్క మోకాలెత్తు స్పీకర్లు. సరిగ్గా ఆ రోజే అది మూగబోయింది. స్నేహితుడికి పాటలు వినిపించాలని ఉబలాటపడ్డ మామయ్య మొహం వాడిపోయింది. "ఫ్యూజే మామయ్యా, అయిదు నిమిషాల పని" అన్నాను. వెనకవైపున్న గాజు ఫ్యూజు తీసి చూస్తే లోపలంతా నల్లగా మాడి ఉంది. బజారు నుంచి తెప్పించిన కొత్తది వేసి స్విచ్ నొక్కాను. టప్! ఇంకొకటి వేశాను. టప్! నాలుగోది కూడా పోయేసరికి ఫోర్‌మన్ గారు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నారు.

అక్కడే ఆగాల్సింది. కానీ ఉద్యోగమిచ్చే మనిషి చూస్తుంటే ఆగడమెలా? "అన్నీ నకిలీ ఫ్యూజులే వస్తున్నయ్ మామయ్యా" అని ఫోర్‌మన్ గారికి వినబడేలా చెప్పి, ఓ వైరు ముక్కలోంచి నాలుగు రాగి పోగులు లాగి, పోయిన ఫ్యూజు చుట్టూ చుట్టి బిగించాను. ఆయన "ఆగమ్మా..." అనేలోపే స్విచ్ వేశాను.

పాట రాలేదు. పెట్టెలోంచి ఒక మూలుగు, ఆ వెనకే దట్టంగా పొగ. "కూర మాడిందా ఏంది!" అంటూ అత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను నిలబడ్డచోటే కొయ్యబారిపోయాను. ఫోర్‌మన్ గారే వచ్చి ప్లగ్గు పీకారు.

"స్పీకర్లు ఎవరన్నా జరిపిండ్రా?" అని అడిగారు.

"నేనే అన్నయ్యా, మొన్న గోడకు సున్నం వేసేటప్పుడు" అంది అత్తమ్మ.

ఆయన స్పీకరు వెనక్కి తిప్పారు. రెండు వైర్ల కొసలు ఊడి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. "ఫ్యూజు గాజు నల్లగ మాడిందంటే ఎక్కడనో షార్టయిందని. పెట్టె కాలకుండ ఆ ఫ్యూజులు నాలుగుసార్లు ఆపినయ్. నువ్వు తీగ చుట్టి వాటి నోరు మూసినవ్" అన్నారు.

తరవాత ఆంప్లిఫయర్ మూత విప్పారు. లోపల ఇంకో ఫ్యూజు ఉంది. దానిచుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం! "ఇది ఈ పిల్ల పని కాదు, ఎప్పటిదో" అన్నారు. మామయ్య తలెత్తి ఫ్యాను వంక చూడసాగాడు.

అత్తమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "పెళ్ళైనంక సిగరెట్ ముట్టలేదని నా నెత్తిమీద చెయ్యిపెట్టి ఒట్టేసిండ్రు గదా! మరి ఈ కాగితం ఏడికెల్లి వచ్చింది?"

అందరం భోజనానికి కూర్చున్నాం. నాటుకోడి కూర రుచి నాకు తెలియనే లేదు. అప్రెంటిస్ ఆశ పొగలోనే పోయిందనుకున్నాను. చేతులు కడుక్కుంటూ ఫోర్‌మన్ గారు, "రేపు సర్టిఫికెట్లు పట్టుకుని మిల్లుకు రా" అన్నారు.

"నన్నా సార్?"

"అవ్, నిన్నే. బయట వదిలేస్తే ఇంకెన్ని ఇండ్లు కాలుస్తవో! నా కండ్లముందుంటే నయం. నెలరోజులు మాత్రం దేన్నీ ముట్టొద్దు, చూడుడే."

చేతులు వెనక్కి కట్టుకుని ఆ నెలంతా చూశాను (మామయ్యతో అత్తమ్మ మాట్లాడటానికి అంతకన్నా ఎక్కువే పట్టింది). ఇన్నేళ్ళుగా అదే పనిలో ఉన్నాను. ఇప్పుడు ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి రెండుసార్లు చూసుకుంటాను. "బల్బే గదనే!" అని మా ఆయన నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఏదైనా చిటికెలో బాగుచేసేస్తానని నమ్మిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. స్విచ్‌బోర్డు దరిదాపులకు రానివ్వను గానీ, ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలనిపిస్తుంది.