రోము ఇంట్లో బియ్యం బస్తాలు

మలేషియాలో తెలుక్ ఇంటాన్ దగ్గర మా తోట బడిలో డ్రాయింగు మేష్టారు ఏ బొమ్మ వేసినా "నాను సూసినాను గదా" అనేవారు. కమ్యూనిస్టుల మీద బ్రిటిషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో బడి గోడ మీద ప్రాచీన రోము ఇంటి లోపలి భాగం వేశారు: చలువరాతి స్తంభాలు, గుమ్మానికి మామిడి తోరణం, మూలన బియ్యం బస్తాలు.

అడవిలో కమ్యూనిస్టులకు తిండి పంపేవాళ్ళను పట్టుకునే ఇన్‌స్పెక్టరు, మనవాడే, ఆ బస్తాల ముందు ఆగిపోయాడు.

"ఈ ఇల్లు ఎక్కడున్నాది, మేష్టరూ?"

"రోములోనండి. నాను సూసినాను గదా."

"సూసినావు లా?" అన్నాడు, మలయ్ వాళ్ళలాగా చివర "లా" తగిలించి. " అయితే ఆ బియ్యం ఎవుడికెల్తందో జైల్లో సెప్దువుగాని."

మేష్టారు వెంటనే కుంచె తీసి, కిటికీ బయట, బియ్యం అడవికి పోకుండా మా తోటకు వేసినలాంటి ముళ్ళకంచె గీసి, కాపలాకు ఇన్‌స్పెక్టరునే మీసాలతో సహా నిలబెట్టారు. "ఇప్పుడు బాగున్నాది" అని ఇన్‌స్పెక్టరు మురిసిపోయి వదిలేశాడు.

దేశానికి మెర్డెకా వచ్చాక మా కంచె తీసేశారు. గోడ మీది రోముకు మాత్రం ఇంకా స్వాతంత్ర్యం రాలేదు.