గడప పసుపూ, కంప్యూటర్ డబ్బా

1986. మల్కాపురంలో రిఫైనరీ గోడకెదురుగా నాకో రేకుల షెడ్డు ఉండేది. నా చదువు ఏడో తరగతితో ఆగింది. నేనే ఆపేశానంటే మా లెక్కల మాస్టారు ఒప్పుకోరు, ఆ పుణ్యం తనదేననేవారు. అయినా కార్బ్యురేటర్ ఉన్న బండి ఏదైనా సరే, దూరం నుంచి దాని దగ్గు విని జబ్బు చెప్పేసేవాణ్ని. ఆ గర్వం ఎర్రయ్య బావ కారు వచ్చేదాకా బాగానే నిలిచింది.

ఎర్రయ్య పోర్టులో టగ్గు నడిపే సరంగుగా చేసి రిటైరయ్యాడు. టగ్గంటే పెద్ద ఓడను రేవులోకి లాక్కొచ్చే చిన్న ఓడ. స్టీలు ప్లాంటు పనికొచ్చిన విదేశీ ఇంజనీరొకాయన వెళ్లిపోతూ అమ్మిన జర్మనీ కారును కొన్నాడు. దాని స్టీరింగ్ ఎడమవైపు. కుడివైపు ఆయన భార్య పోలమ్మ కూర్చునేది. కుడివైపు కూర్చున్నవాళ్లే డ్రైవరనుకునే ఊరు మనది. పోలమ్మ స్టీరింగే లేకుండా, తమలపాకు నములుకుంటూ కారు నడిపేస్తోందని జనం ఆగి చూసేవారు.

ఆ కారు షోకుకు కొన్నది కాదు. పోలమ్మ ముప్పై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి నడక పోయింది. ఎర్రయ్య రోజూ పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్తే, కారులోనే కూర్చుని పడవలు రావడం చూసేది. వేలంలో తెలివితక్కువగా పాడినవాళ్లను అద్దం దించి మరీ తిట్టేది. రోజు మొత్తానికీ ఆమెకు అదొక్క గంటే.

అలాంటి కారు పది నిమిషాలు నడిచి ఆగిపోవడం మొదలైంది. ఒకసారి రైలు గేటు దగ్గర సరిగ్గా పట్టాల మీదే ఆగింది. జనం తోసి బయటపడేశారు. ఆ రోజు నుంచి పోలమ్మ కారెక్కలేదు.

“నెల్లాళ్లయింది బావా,” అన్నాడు ఎర్రయ్య. “గోడకేసి తిరిగి కూసుంటంది. తిట్టడం కూడా మానేసింది.”

“సుఖమే గదా బావా.”

“నీకేటి తెలుసు. దాని తిట్లు ఇనకపోతే నాకు ముద్ద దిగదు. నువ్వూ సెయ్యలేనంటే సెప్పు, తుక్కుకి ఇచ్చేత్తాను.”

నేను చెయ్యలేననడమా? ప్లగ్గులు మార్చాను, ఫిల్టరు మార్చాను, పెట్రోలు పంపు విప్పి కడిగాను. షెడ్డులో పెళ్లికొడుకులా ఉండేది, రోడ్డెక్కితే పడకేసేది. పదిరోజులకు నా గర్వం దిగింది, బుర్ర పనిచేయడం మొదలెట్టింది.

ఈసారి ఆగినప్పుడే పరీక్ష చేశాను. ప్లగ్గులో నిప్పు ఉంది. పంపు తిరుగుతోంది. ఈ కారుకు కార్బ్యురేటర్ లేదు, ఇంజెక్టర్లు ఉంటాయి, అంటే పెట్రోలు చిమ్మే సన్నటి గొట్టాలు. పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టరుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే బండి నడుస్తున్నప్పుడు టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. ఆగాక సెల్ఫ్ కొట్టి విన్నాను. చప్పుడు లేదు. చిమ్మమని వాటికి హుకుం ఎవరిస్తున్నారు?

వైర్లు పట్టుకుని వెళ్తే, పోలమ్మ కూర్చునే వైపు, కాళ్ల దగ్గర అట్ట వెనకాల ఒక అల్యూమినియం డబ్బా దొరికింది. దాన్ని ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్ అంటారు. ఎంత పెట్రోలు, ఎప్పుడు చిమ్మాలో లెక్కకట్టే కంప్యూటర్. డబ్బాకు కరెంటు వస్తోంది, ఎర్తు బాగుంది. బండి నడుస్తుండగా దాని పక్కన వందవాట్ల బల్బు పెట్టాను. వేడెక్కింది, ఇంజన్ ఆగింది. తడిగుడ్డ వేసి చల్లార్చాను, మళ్లీ స్టార్టయింది. దొంగ దొరికాడు.

మూత విప్పితే లోపల రాగిగీతల మీద ఆకుపచ్చ చిలుము, దాని చుట్టూ పసుపచ్చటి పొర. గోటితో గీకి వాసన చూశాను.

“బావా, జర్మనీవోళ్లు డబ్బాలో పసుపేసి పంపుతారేటి?”

ఎర్రయ్య వంగి కారు తలుపు తెరిచాడు. “తలుపు కింద గట్టుంది సూడు, మీ అప్పకది గడప,” అన్నాడు. “సుక్కురోరం సుక్కురోరం పీటేసుకుని కూసుని, పసుపు రాసి సెంబుడు నీళ్లు పోస్తది. టగ్గెక్కకముందు మాకున్న పడవకీ అలాగే సేసీది. సల్లగా ఎల్లి సల్లగా రావాలని.”

ఆ చెంబుడు నీళ్లే గట్టు సందులోంచి అట్ట వెనక్కి వెళ్లాయి.

“దానికి సెప్పకు బావా,” అన్నాడు. “తన వల్లే ఆగిందని తెలిస్తే మరి కారెక్కదు.”

“ఎలక కొరికిందని సెప్తానులే.”

స్పిరిటుతో, పళ్ల బ్రష్షుతో కడిగితే రెండు రోజులే నడిచింది. గీతల్ని చిలుము తినేసింది, డబ్బా మార్చక తప్పదు. దాని మీది నంబరులో ఒక్క అంకె తప్పినా అది ఇంకో కారుదవుతుంది. మూడుసార్లు రాసి, మూడుసార్లు సరిచూశాను. మాస్టారు చూసుంటే సంతోషించేవారు. ఎర్రయ్య స్నేహితుడొకాయన ఓడ మీద వెళ్తూ ఆ కాగితం పట్టుకెళ్లి, నలభై రోజులకు కొత్తది తెచ్చాడు. బ్యాటరీ వైరు తీసి దాన్ని బిగించాను. పాతచోట కాదు, పైన డ్యాష్‌బోర్డు వెనకాల, నీళ్లందని చోట. మళ్లీ బల్బు పెట్టాను, ఆగలేదు. ఎండలో పెందుర్తిదాకా వెళ్లొచ్చాను, ఆగలేదు.

మర్నాడు వాళ్లింటికి తీసుకెళ్తే పోలమ్మ అరుగు మీద కూర్చుని కారునే చూస్తోంది. ఎర్రయ్య చొక్కా వేసుకోడానికి లోపలికి వెళ్లాడు.

“ఏటైందిరా తమ్ముడూ బండికి?”

“ఎలక కొరికిందప్పా. కంప్యూటర్ని.”

“ఏదీ, సెయ్యి సూపు.”

చూపించాను. ముందురోజు సాయంత్రం పాతడబ్బాను మళ్లీ విప్పి, మూలల్లో బ్రష్షు అందని పొడి గీకి చూసుకున్న పాపం గోళ్లలో పసుపుపచ్చగా మిగిలిపోయింది. పోలమ్మ నా వేళ్లు తన చేతిలోనే ఉంచుకుంది.

“ఎలక పసుపు రాసుకుని తిరుగుతందేట్రా?”

చెయ్యి వెనక్కి లాక్కోబోయాను. వదల్లేదు.

“నాకు తెలిసిపోయిందని మీ బావకి సెప్పకు,” అంది. “ఎలకంటే ఎలకే. నన్ను కాయాలని అంత ఆలోసించినాడు, ఆ సంతోసం ఉండనీ ఆడికి.”

అని, గోడ పట్టుకుని లేచి, కారెక్కింది.

తర్వాతి శుక్రవారం హార్బరు దగ్గర కనిపించారు. కారు తలుపు గట్టు మీద ఒక్క పసుపు బొట్టు, వేలితో పెట్టింది, పొడిగా ఉంది. అద్దం దించి పోలమ్మ ఎవరినో వాడి తాతతో సహా తిడుతోంది. ఎర్రయ్య నా చెవిలో, “సూసినావా, నీళ్లు మానేసింది. తడికి ఎలకలొస్తాయని బయ్యం,” అన్నాడు, తన తెలివికి తనే మురిసిపోతూ.

అవును బావా అన్నాను.

బండి ఆగిపోతోందని ఎవరొచ్చినా, ఎక్కడ ఆగింది, ఎన్నిసార్లు ఆగింది అని ముందు అడగడం అప్పటినుంచి మానేశాను. ఈ బండిని ఇంట్లో ఎవరు ప్రేమగా చూసుకుంటారు, ఎలా చూసుకుంటారు అని అడుగుతాను. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.