ఎవరూ పెంచని పాట

2023 జూలై, మూడో గురువారం, పొద్దున పదిన్నర. కోరుట్లలో రాజం ఇంటి ముందుగదిలో జరిగింది ఇది.

నాది జగిత్యాల. ఫ్రీజర్ బాక్స్ కిరాయికి ఇస్తాను. దూరపు చుట్టాలు వచ్చేదాకా శవం చెడిపోకుండా పెట్టే అద్దాల పెట్టె అది. అడుగున కంప్రెసర్ ఉంటుంది, చల్లదనం పుట్టించే మోటారు. పెట్టె దించి, కరెంటు ఇచ్చి, శవాన్ని ఎత్తేదాకా ఓ మూల కూర్చోవడం నా పని. ఇంటివాళ్ల మాటల్లో తలదూర్చకపోవడం కూడా నా పనే అనుకునేవాణ్ణి.

రాజం కొడుకు రమేశ్ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. తన ఫోన్‌లో దేవుని పాటలు పెట్టి, ఆ ఫోన్‌నూ స్పీకర్‌నూ పెట్టెలో ఉన్న తండ్రి తల దగ్గర ఉంచి, కట్టెల ఏర్పాటు చూడటానికి పోయాడు. కంప్రెసర్ మొదలైనప్పుడల్లా పాట కొంచెం పెరుగుతోంది. వోల్టేజీ తేడా అనుకున్నాను.

ఏడ్చి ఏడ్చి అందరూ అలిసిపోయి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రాజం చెల్లెలు లింగవ్వ ముత్యంపేట నుంచి వచ్చింది. తన బిడ్డ పెళ్లిలో పెట్టుపోతల దగ్గర మాటకు మాట పెరిగి, అన్నతో నాలుగేళ్లుగా మాటల్లేవు. "మా అన్నకు ఒక్క మాట చెప్పుకుంట, అంతే" అని గుమ్మంలోనే చెప్పింది.

పెట్టె మీద వాలిపోయింది. "అన్నా, నీతోని మాట్లాడనని ఒట్టు పెట్టుకున్ననే. నా నోరు పడిపోను..."

పాట పెరిగింది. ఆమె ఆగింది. పాట తగ్గింది. మళ్లీ "అన్నా" అంది. పాట మళ్లీ లేచింది. ఆమె గొంతు పెంచింది. పాట ఆమెను మించిపోయింది. లింగవ్వ తల తిప్పి చూసింది. స్పీకర్ పక్కన కూర్చున్నది వదిన నర్సవ్వ.

"ఏమే ఒదినె, సచ్చినంకగూడ నా అన్నతోని మాట్లాడనియ్యవా?"

"నేనేం జేసిననే? దాన్ని ముట్టనే లే!"

"ముట్టకుంటనే పెరుగుతదా? దయ్యం పెంచుతుందా?"

"దేవుని పాటనే అది. నోరు మంచిగ పెట్టుకో."

లింగవ్వ అన్న మీద కప్పడానికి తెచ్చిన కొత్త బట్టను గడప మీద పెట్టి, వెనక్కి చూడకుండా పోయింది. చెప్పాలనుకున్న ఆ ఒక్క మాట చెప్పనేలేదు.

రమేశ్ వచ్చి, నా నోట సంగతి విని తల పట్టుకున్నాడు. "ఎవలు పెంచలే కాకా. సాంచాలు నడుస్తుంటే పాట వినబడదు, కరెంటు పోతే చెవులు పగులుతయి. అందుకే చుట్టూ చప్పుడు ఎంతుంటే గంత పెరిగేటట్టు సెట్టింగ్ పెట్టిన. అత్త ఏడుపు గూడ దానికి చప్పుడే."

ఆమెకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. శవాన్ని ఆపలేరు కదా, ఎత్తారు.

మూడోనాడు రమేశ్ నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు బయటోనివి. నీ మాట నమ్ముతది" అన్నాడు. ఇద్దరం ముత్యంపేట పోయాం. వాడు ఆమె ముందు పాట పెట్టి చప్పట్లు కొట్టాడు. పాట పెరిగింది. ఆపాడు. తగ్గింది. లింగవ్వ రెండుసార్లు చూసింది.

"సరే బిడ్డా, మీ అమ్మ పెంచలే. ఒప్పుకున్న. ఫోన్‌కు నా ఏడుపు తెల్వదు. మరి గాడున్నోళ్లకు తెల్వదా? ఒక్కలన్న బందు జేసిన్రా?"

రమేశ్ నా వైపు చూశాడు. దేవుని పాట ఆపకూడదని నర్సవ్వ అనుకుంది. మనకెందుకులే అని మిగతావాళ్లం అనుకున్నాం. చాయ్ కూడా తాగకుండా తిరిగొచ్చాం. వదినా ఆడబిడ్డా ఈనాటికీ మాట్లాడుకోరు.

ఇప్పుడు ఎవరింట్లో పెట్టె దించినా పాటలు బందు చేయమంటాను. కొందరికి కోపం వస్తుంది. రానీ. పోయిన మనిషికి ఏదో చెప్పుకోవాల్సినవాళ్లు ఇంకా తోవలో ఉండొచ్చు.

ఆనాడు ఆ గదిలో, చెయ్యి చాపితే ఫోన్ అందేంత దగ్గర ఉన్నవాళ్లం వీళ్లం: నర్సవ్వ, ఆమె అక్క పోశవ్వ, పోశవ్వ మొగుడు గంగారాం, పక్కింటి దేవన్న, గోడవారగా నేను. పెట్టెలో రాజం.