మునసబు గారి కుర్చీ, పన్నెండు మెడలు

1957 జనవరిలో నన్ను చోడవరం క్యాంపు డ్యూటీ మీద పంపారు. ఆర్డరులో నా హోదా ‘మసాజరు’ అని ఉంది. బొంబాయిలో రెండేళ్ళు ఫిజియోథెరపీ చదివి, సర్టిఫికెట్టుతో విశాఖపట్నం వచ్చి ఒక ఆసుపత్రిలో చేరితే, జీతాల గుమస్తాకు ఆ మాట నోరు తిరగలేదు. తిరిగినా దానికి గ్రేడు లేదు. అందుకని సర్కారు లెక్కల్లో నేను ఒళ్ళు పట్టేవాడిగా నమోదయ్యాను. మా మామగారు ఆ అవమానం భరించలేక బంధువులందరికీ నన్ను కాంపౌండరుగా పరిచయం చేసేవారు.

నా పై అధికారి ఎముకల డాక్టరు. ఇంగ్లండు సీమకు వెళ్ళొచ్చిన మనిషి. మెడనొప్పి మీద పరిశోధన తలపెట్టారు. నెత్తిన బరువులు మోసేవాళ్ళ మెడ క్రమంగా ముందుకు వంగిపోతుందనీ, ఆ వంపే నొప్పికి మూలమనీ ఆయన సిద్ధాంతం. కొలవడానికి ముందే ఆయనకు జవాబు తెలుసు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, నాలుగో కాలు కనబడకుండా చూసుకోవడం నా ఉద్యోగం.

చెరుకు గానుగలు ఆడే రోజులు. రావికమతం దారిలో ఒక గానుగ దగ్గర పన్నెండుమంది ఆడవాళ్ళు పొలం నుంచి చెరుకు మోపులు నెత్తిన పెట్టుకుని తెస్తున్నారు. బండి దిగని చేలవి. గానుగ ఆసామి ఆ ఊరి మునసబు గారే. డాక్టరు గారంటే ఆయనకు మహా గౌరవం. రోజూ మాడుగుల హల్వా తెప్పించి పెట్టేవారు. ఆ పరిశోధనలో నాకు తిరుగులేకుండా రుజువైన సంగతి ఆ హల్వా ఒక్కటే.

కొలిచే పద్ధతి ఇదీ. ఆరడుగుల చెక్కపలక, దాని మీద గళ్ళు. పై అంచు నుంచి గుండు దారం వేలాడుతుంది, గోడ నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి తాపీమేస్త్రీలు వాడేదే. మనిషి పలక ముందు పక్కకు తిరిగి నిలబడాలి. చెవి తమ్మె, భుజం కొన ఒకే దారం మీదకి వస్తే మెడ సరిగ్గా ఉన్నట్టు. చెవి ఎన్ని గళ్ళు ముందుకు జరిగితే వంపు అంత. నేను గళ్ళు లెక్కపెట్టి రిజిస్టరులో రాసేవాణ్ణి. పలకను గానుగ పాక గోడకు ఆనించాను. మర్యాద కోసం మునసబు గారికి పక్కనే కుర్చీ వేయించాను. పలక ముందు నిలబడినవాళ్ళ ముఖం సరిగ్గా ఆ కుర్చీ వైపు ఉండేది. ఇది గుర్తుపెట్టుకోండి, ఆ రోజుల్లో నేను పెట్టుకోలేదు.

మూడు రోజులు కొలిచాను. పన్నెండుమందికీ మెడ వంపే. రెండు గళ్ళు, మూడు గళ్ళు, ఒకావిడకు నాలుగు. ట్రావెలర్సు బంగళాలో బస చేసిన డాక్టరు గారు రిజిస్టరు చూసి కాఫీ ఇంకో కప్పు తాగారు. మూడో రోజు సాయంత్రం గానుగ దగ్గరికి వచ్చి, ఈ వంపు చాలా ప్రమాదమని మునసబు గారితో అన్నారు. అంతే, మునసబు గారికి భయం పట్టుకుంది.

“మెడ వంకరోళ్ళకి నా గానుగ కాడ పనేటి డాక్టరు గారూ. రేపెవత్తయినా మోపుతో పడి సస్తే నా పీక మీదకొస్తాది. మీరో కాయితం ముక్క రాసిచ్చీండి, అందర్నీ ఆపేస్తాను” అన్నారు.

డాక్టరు గారు మర్నాడు రాసిస్తానన్నారు. ఆయన దృష్టిలో అది వైద్యం. పన్నెండుమందికి అది కూడు పోవడం.

నాలుగు గళ్ళ మనిషి పేరు పైడమ్మ. నలభై ఏళ్ళుంటాయి. డాక్టరు గారు వెళ్ళాక నా దగ్గరికి వచ్చింది. “గానుగాడినన్నాళ్ళే మాకు కూలి బాబూ. ఇక్కడ మానిపించేస్తే మళ్ళీ నాట్ల దాకా పన్నేదు. నా మెడకేటొచ్చింది? నాకేటి నొప్పి నేదు” అంది. రిజిస్టరు తిరగేశాను. నొప్పి అని రాయించుకున్నవాళ్ళు పన్నెండుమందిలో ఇద్దరే. మిగతావాళ్ళు లేదన్నా, ‘దాచుతున్నారు’ అని రాయమన్నది డాక్టరు గారు. రాసింది నేను. ఇప్పటికీ ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

పైడమ్మ వెళ్ళి ఆఖరి మోపు ఎత్తుకుని వచ్చింది. మునసబు గారు కుర్చీలో దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని ఉన్నారు. ఆవిడ తిన్నగా ఆయన ముందు నుంచే నడిచింది. తల వంచలేదు, పక్కకు తప్పుకోలేదు. ఆయనే కాళ్ళు లోపలికి లాక్కున్నారు. నేను చూసింది ఆవిడ చెవినీ భుజాన్నీ. బొంబాయిలో మాకు గోడకు తగిలించిన పటంలో తప్ప అంత నిటారు మెడ నేను చూడలేదు.

మోపు దించాక అడిగాను, ఇందాక పలక ముందు అలా ఎందుకు వంగావని.

“మునసబు గోరెదర నించుంటే తలొంచుకోమా బాబూ? ఆడోళ్ళం గదా.”

“మరి ఇప్పుడు వంచలేదే?”

“మోపుంటే వొంచకూడదు. వొంచితే మోపొచ్చి ముందర పడిపోద్ది. నెత్తి మీద బరువున్నోళ్ళని మునసబు గోరే కాదు, మా అత్త కూడా ఏటీ అనదు” అంది. ఈ మాత్రం తెలియనివాణ్ణి ఎవరు చదివించారా అన్నట్టు చూసింది కూడా.

మూడు రోజులుగా నేను కొలుస్తున్నది మునసబు గారి హోదా. నాలుగు గళ్ళ హోదా.

మర్నాడు మునసబు గారు పెందలాడే భోంచేసి కునుకు తీయడానికి ఇంటికి వెళ్ళారు. కుర్చీ తీయించేసి పన్నెండుమందినీ మళ్ళీ నిలబెట్టాను. పదిమందికి చెవి దారం మీదే ఉంది. నొప్పి ఉన్న ఇద్దరికి ఒక గడి వంపు. వాళ్ళను విడిగా అడిగితే తేలింది, వాళ్ళు ఎవరి సాయమూ లేకుండా మోపు నేల మీద నుంచి విసురుగా నెత్తికెత్తుకునేవాళ్ళట. ఇంకొకరు చెయ్యి వేస్తే పోయే నొప్పి అది.

ఇక పిల్లి మెడలో గంట కట్టడం మిగిలింది. రిజిస్టరుతో బంగళాకు వెళ్ళాను. డాక్టరు గారు మునసబు గారికి ఇవ్వాల్సిన కాయితమే రాస్తున్నారు. తలెత్తకుండానే “ఏమిటి?” అన్నారు. నా తల తనంతట తనే వంగిపోయింది. నోట్లోంచి “ఏమీ లేదు సార్, పలక సామాన్లలో కట్టించమంటారా?” అన్నది తప్ప ఇంకో మాట రాలేదు. “తీసుకురా” అన్నారు. బయటికి వచ్చి నన్ను నేను తిట్టుకున్నాను. నన్ను ఎవరైనా పక్క నుంచి కొలిచి ఉంటే ఆరు గళ్ళు తేలేవి.

గానుగ దగ్గరికి తిరిగి వెళ్ళాను. పలకను రెండు చేతులా పట్టుకుని పోవచ్చు. కానీ పైడమ్మను పిలిచి, నెత్తిన పెట్టమన్నాను. ఆవిడ తన గుడ్డ చుట్టకుదురు నా తల మీద సర్ది, పలక ఎత్తిపెట్టి, “కిందకి సూడకండి, దూరంగా సూడండి” అంది. తాతకు దగ్గులు నేర్పబోయినవాణ్ణి, నడక నేర్చుకుంటూ బంగళా దాకా వెళ్ళాను.

పలకతో పాటు గదిలోకి నడిచాను. డాక్టరు గారు కలం ఆపి చూశారు.

“అదేమిటయ్యా? దించు.”

“దించితే చెప్పలేను సార్” అన్నాను. ఆయన కళ్ళలోకి చూస్తూ మాట్లాడటం సర్వీసులో అదే మొదటిసారి. వేరే చోటికి చూసే వీలు లేదు మరి. కొలతలు తప్పనీ, కుర్చీ సంగతీ, పైడమ్మ చెప్పిందీ, మధ్యాహ్నం మళ్ళీ కొలిచిన లెక్కా వరసగా చెప్పేశాను. నా మెడ లాగేస్తోంది. చివరికి ఆయన రాస్తున్న కాయితం మడిచి జేబులో పెట్టుకుని, మొదటి మూడు రోజుల పేజీలు కొట్టేయమన్నారు. ఆ తర్వాత లేచి వచ్చి, తనే ఒక చెయ్యి వేసి పలక దింపించారు.

మునసబు గారికి కాయితం అందలేదు. పన్నెండుమందీ గానుగ ఆగేదాకా మోపులు మోశారు. ఆ ఇద్దరికీ పక్కవాళ్ళు చెయ్యి వేయడం మొదలైంది. డాక్టరు గారి నివేదికలో, కొలిచేటప్పుడు పెద్దమనుషులెవరూ ఎదుట ఉండరాదన్న సూచన ఆయన సొంత ఆలోచనగా అచ్చయింది. కృతజ్ఞతల్లో ‘మసాజరుకు’ అని ఒక ముక్క ఉంది.

మెడ కొలిచే ముందు ఆ మెడ ఎవరి ఎదుట ఉందో చూసుకోవాలి. తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో నా కొలతల గదిలో రెండో కుర్చీ వేయనివ్వలేదు. సూపరింటెండెంట్లు తనిఖీకి వచ్చినప్పుడు నిలబడే చూసి వెళ్ళేవారు. ఎందుకని ఎవరైనా అడిగితే, చేతికందిన బరువేదైనా నెత్తిన పెట్టుకుని జవాబు చెప్పేవాణ్ణి.