నర్సన్నను చంపిన సినిమా

మొన్న కేతేపల్లిలో అక్క వాళ్ళింటికి పోతే, మనవలు టీవీలో గట్టు నర్సన్న సినిమా పెట్టుకుని కూర్చున్నారు. ఆ పేరు వినగానే నా చూపు బావ కుడిచేతి మీదికి పోయింది. మోచేతి దగ్గర వంకరగా అతుక్కున్న ఆ చెయ్యి చూస్తే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

నర్సన్న ఎవరో మా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను, దొరల గడీలు దోచి పేదలకు గింజలు పంచిన బందిపోటు. ఆయన కథ పాడటం మా ఇంటి వృత్తి, బాపు తర్వాత మా అన్న పాడేవాడు. మా కథలో నర్సన్న చావడు. సిపాయిలు గుట్టను చుట్టుముట్టేదాకా పాడి, అన్న తంబుర కింద పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కూర్చున్న జనంతో "నర్సన్న గుట్టెక్కిండు, ఇగ లేవుండ్రి" అనేవాడు. ఆపైన పాడితే చంపిన పాపం పాడినవాడికే చుట్టుకుంటుందని మా నమ్మకం.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఆ కథను సినిమా తీశారు. నర్సన్న పేరు ఊరూరా తెలుస్తుందని పడుచువాళ్ళు సంబరపడితే, తెర మీద ఆయన్ను చంపుతారట అని పెద్దలు మండిపడ్డారు. ఎట్లా చచ్చాడో చూపకపోతే ఎవరి కోసం చచ్చాడో ఎట్లా తెలుస్తుందని బావ వాదించేవాడు. అంతటితో ఊరుకోక షూటింగుకు పోయి, సిపాయి వేషం దొరికిందని, నర్సన్న మెడ మీద గొడ్డలి వేసేది తానేనని నాకు మాత్రం చెవిలో చెప్పాడు. ఆ ముక్క అన్నకు ముందే చెప్పి ఉండవలసింది. గడ్డి తిన్నాను, తెర మీద బావను చూసి అన్న మొహం ఎట్లా మారుతుందో చూద్దామని సరదాపడి, రానన్న అన్నను బతిమాలి ఒప్పించి, టికెట్లు కూడా నేనే కొన్నాను.

నల్లగొండలో మ్యాటినీ ఆట, బావా మా ఊరివాళ్ళూ కూడా వచ్చారు. గొడ్డలి లేచింది, తెరంతా నెత్తురు, తల దొర్లింది. హాల్లో చెప్పులు ఎగిరాయి. మెచ్చుకుంటాడేమోనని బావ పాపం నవ్వుతూ అన్న వైపు తిరిగాడు. అన్న అతని మెడ పట్టి బయటికి ఈడ్చుకుపోయి, చెరకురసం బండి దగ్గరున్న ఇనుప రాడ్డు అందుకుని, "గీ చెయ్యేనా? గీ చెయ్యితోనే నరికినవా?" అంటూ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. మా ఊరివాళ్ళు ఆపడం మాని తలా ఒక చెరకుగడ తీసుకుని మీదపడ్డారు. అడ్డం పోయిన నా నెత్తి పగిలింది. నోట్లోంచి నెత్తురు కారుతున్నా బావ, "ఉత్త ఏషమే బావా, ఉత్త ఏషమే" అంటూనే ఉన్నాడు.

దవాఖాన గేటు దగ్గర కూర్చుని అన్న పసివాడిలా ఏడ్చాడు గానీ, లోపలికి వచ్చి తప్పయిందని ఒక్క మాట అనలేదు. ఆ ఏటి నుంచి అక్క రాఖీ నాకొక్కడికే కట్టింది. మూడేళ్ళ కింద అన్న పోయేదాకా ఆయన ముంజేయి బోడిగానే ఉంది. తంబుర కూడా మళ్ళీ ముట్టలేదు.

మొన్న టీవీలో సిపాయిలు గుట్టను చుట్టుముట్టగానే బావ ఆ వంకర చేత్తోనే తడుముకుని, రిమోటు తీసి ఆపేశాడు. తర్వాతేమైందని పిల్లలు గోల పెడితే, "నర్సన్న గుట్టెక్కిండు, ఇగ లేవుండ్రి" అన్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

పిల్లలు మిగతాది ఫోనులో చూసేసి, ఫైటు బాగుందన్నారు. కథ కోసం సొంత బావ చెయ్యి విరగ్గొట్టిన ఆ రోజులు మంచివని నేను అనను. అయితే బావ నోట ఆ మాట వినడానికి అన్న లేకపోయాడే అన్నదే నా ఏడుపు.